గ్రామీణ స్కూల్ కాంప్లెక్స్‌నూ, అందులోని పిల్లల కార్యక్రమాలనూ నడపడం ఎలా?

గెజిటెడ్ ప్రధానోపాధ్యాయునిగా పదోన్నతి పొంది తెలంగాణలోని ఒక మారుమూల మండలంలో జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో చేరారంటే, ఆ బడి బాధ్యతతో పాటు చుట్టుపక్కల ఊళ్లలోని ప్రాథమిక, ప్రాథమికోన్నత పాఠశాలల బాధ్యత కూడా చాలాసార్లు మీమీదే పడుతుంది. ఒక ఉన్నత పాఠశాలను కేంద్రంగా చేసుకుని చుట్టూ ఉన్న చిన్న బడులను ‘స్కూల్ కాంప్లెక్స్’ అనే ఒక గుంపుగా నడపాలన్న ఆలోచన 1964–66 నాటి కొఠారీ కమిషన్ నివేదికలోనే ఉంది. 2020 జాతీయ విద్యా విధానం దాన్నే మళ్లీ ముందుకు తెచ్చి, ఐదు నుంచి పది కిలోమీటర్ల పరిధిలోని బడులన్నీ, అంగన్‌వాడీలతో సహా, ఒక సముదాయంగా పనిచేయాలని చెప్పింది. కాగితం మీద ఇంతవరకు బాగానే ఉంటుంది. ఒక ఉన్నత పాఠశాల, రెండు ప్రాథమికోన్నత పాఠశాలలు, తొమ్మిది ప్రాథమిక పాఠశాలలు ఉన్న కాంప్లెక్స్‌ను నిజంగా ఒక్కటిగా నడిపించాలంటే ఏ పని ముందు, ఏ పని తర్వాత అన్నది తెలియాలి. ఆ వరుసను ఇక్కడ చెబుతున్నాను. మొత్తం మీద పాటించవలసిన సూత్రం ఒకటే: ఏ ప్రణాళిక వేసినా కాంప్లెక్స్‌లోని అతి చిన్న బడిని ముందు పెట్టుకుని వేయాలి. పదకొండు మంది పిల్లలూ ఒక్క టీచరూ ఉన్న బడికి సరిపోయే ప్రణాళిక మిగిలిన బడులకు ఎలాగూ సరిపోతుంది. ఉన్నత పాఠశాలను చూసి వేసిన ప్రణాళికలో మాత్రం ఆ చిన్న బడికి చోటు దొరకదు.

మొదట: బడులన్నీ మీ కళ్లతో చూడండి

చేరిన మొదటి నెలలోనే అన్ని బడులకూ ఒకసారి వెళ్లి రండి. మొదటి సందర్శన తనిఖీలా ఉండకూడదు కాబట్టి ముందురోజు ఫోన్ చేసి చెప్పి వెళ్లడమే మర్యాద. ప్రతి బడికీ ఒక పేజీ కేటాయించి, తరగతివారీగా పిల్లల సంఖ్య, టీచర్ల సంఖ్య, అక్కడికి బస్సు వస్తుందా లేక ఆటోలోనే వెళ్లాలా, వానాకాలంలో దారిలో వాగు పొంగుతుందా, తాగునీరు, మరుగుదొడ్లు, ప్రహరీ ఎలా ఉన్నాయి అన్నవి రాసుకోండి. ఈ వివరాల్లో సగం బడుల సమాచారం ఉండే ప్రభుత్వ పోర్టల్ యూడైస్ ప్లస్‌లో దొరుకుతాయి గానీ, ఆవరణలో ఉన్నది ఎర్రమట్టా, నల్లరేగడా, గులకరాళ్లా అన్నది ఏ పోర్టల్‌లోనూ ఉండదు. పిల్లలు అక్కడ కబడ్డీ ఆడగలరా లేదా అన్నది మాత్రం ఆ ఒక్క వివరం మీదే ఆధారపడి ఉంటుంది. జూలై నుంచి సెప్టెంబరు వరకు నల్లరేగడి ఆవరణలో ఎవరూ ఏ ఆటా ఆడలేరు.

నాలుగు, ఐదు తరగతుల పిల్లలు ఎంతమంది ఉన్నారో విడిగా లెక్క తీసుకోండి. బడి దాటి బయటికి తీసుకువెళ్లే కార్యక్రమాలకు ప్రాథమిక స్థాయిలో పనికివచ్చేది ఆ వయసు వారే. తొమ్మిది బడుల్లో కలిపి వారి సంఖ్య నూరూ నూటయాభై మధ్య ఉంటే బస్సులు, భోజనం, జట్లు, బహుమతులు అన్నీ ఆ అంకె మీదే తేలుతాయి. ‘మీరు సాయంత్రం ఏం ఆడతారు?’ అని పిల్లలనే అడగండి. గోలీలు, కోతికొమ్మచ్చి, తొక్కుడుబిళ్ల అని వాళ్లు చెప్పే పేర్లు కూడా అదే పేజీలో రాసుకుంటే తర్వాత అక్కరకు వస్తాయి.

రెండోది: పంటను చూసి క్యాలెండర్ వేయండి

శాఖ ఇచ్చే అకడమిక్ క్యాలెండర్‌లో పనిదినాలు, ఎఫ్‌ఏ (నిర్మాణాత్మక), ఎస్‌ఏ (సంగ్రహణాత్మక) మూల్యాంకన పరీక్షలు, దసరా, సంక్రాంతి సెలవులు ఉంటాయి. దాని పక్కనే మీ మండలపు వ్యవసాయ క్యాలెండర్‌ను పెట్టుకోవాలి. పత్తి పండే మండలాల్లో దసరా సెలవులు ముగిసినా హాజరు వెంటనే పూర్తిగా కోలుకోదు. పత్తి ఏరడానికి పెద్దవాళ్లంతా చేలకు పోతే, చేతికి అందివచ్చిన ఆడపిల్ల చెల్లెలినో తమ్ముడినో చూసుకుంటూ ఇంట్లో ఉండిపోతుంది, లేదా తనే ఒక సంచి కట్టుకుని చేలో దిగుతుంది. మిర్చి పండే చోట ఇదే ఇబ్బంది ఫిబ్రవరి, మార్చి నెలల్లో వస్తుంది. ఆ వారాల్లో పెద్ద కార్యక్రమం పెట్టి ‘పిల్లలు రాలేదు’ అని టీచర్లను అనడం న్యాయం కాదు. దీనికి విరుద్ధమైన ఉపాయం ఒకటి ఉంది: హాజరు సన్నగిల్లే వారాల్లోనే, బడిలోపల జరిగే చిన్న చిన్న ఆకర్షణలు, అంటే బాలసభ, పుస్తకాల పెట్టె, క్యారమ్ పోటీ వంటివి పెట్టండి. శుక్రవారం సాయంత్రం ఒక పోటీ సగంలో ఆగితే, దాన్ని ముగించడానికి సోమవారం పిల్లవాడు వస్తాడు.

దినోత్సవాల విషయంలో కొంచెం కఠినంగా ఉండవలసి వస్తుంది. ఆగస్టు 29 జాతీయ క్రీడా దినోత్సవం, సెప్టెంబరు 5 ఉపాధ్యాయ దినోత్సవం, సెప్టెంబరు 9 కాళోజీ జయంతి సందర్భంగా తెలంగాణ భాషా దినోత్సవం, నవంబరు 14 బాలల దినోత్సవం, డిసెంబరు 22 రామానుజన్ జయంతి, ఫిబ్రవరి 28 సైన్స్ దినోత్సవం, వీటి మధ్యలో పర్యావరణం, పోషణ, రాజ్యాంగం, ఓటు, నీరు. ఒక్కో తేదీకి ఒక్కో సభ పెట్టి, ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పంపుతూ పోతే సంవత్సరం చివరికి ఫొటోలు తప్ప ఏమీ మిగలవు. కాంప్లెక్స్ మొత్తం కలిసి చేసేవి నాలుగు చాలు: ఆగస్టు 29న ఆటలు, సెప్టెంబరులో భాషకు సంబంధించిన పోటీలు, నవంబరులో బాలల మేళా, ఫిబ్రవరి చివర సైన్స్ ప్రదర్శన. మిగిలినవి ఉదయం ప్రార్థన సమయంలో పది నిమిషాలతో సరిపెట్టవచ్చు. సెప్టెంబరు 5న జరిగే స్వయంపాలన దినం మాత్రం ఏ బడికి ఆ బడే చేసుకోవాలి. ఐదో తరగతి పిల్ల చీర కట్టుకుని ఒకటో తరగతికి పాఠం చెప్పేటప్పుడు, తన టీచరును ఎంత శ్రద్ధగా గమనించిందో అర్థమవుతుంది. చాక్‌పీసు పట్టుకునే తీరు దగ్గరనుంచి గద్దింపు దాకా అన్నీ దిగుతాయి.

పదో తరగతి పబ్లిక్ పరీక్షలు, ఒంటిపూట బడులు మార్చిలో మొదలవుతాయి కాబట్టి ఫిబ్రవరి తర్వాత కాంప్లెక్స్ స్థాయి కార్యక్రమం ఏదీ పెట్టకండి.

మూడోది: మనుషులను సర్దండి

విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక స్థాయిలో 60 మంది లోపు పిల్లలున్నా ఇద్దరు టీచర్లు ఉండాలి. అయినా ఏకోపాధ్యాయ పాఠశాల మీ కాంప్లెక్స్‌లో తప్పకుండా ఒకటో రెండో ఉంటుంది. ఆ టీచరు కాంప్లెక్స్ సమావేశానికి వస్తే బడి మూతపడుతుంది, సెలవు పెట్టినా మూతపడుతుంది. అందుకని సంవత్సరం మొదట్లోనే ప్రతి ఏకోపాధ్యాయ పాఠశాలకూ ఒక ‘జోడు బడి’ని నిర్ణయించండి. రెండు మూడు కిలోమీటర్ల దూరంలో ఇద్దరు ముగ్గురు టీచర్లున్న బడి ఏదైతే, అక్కడి నుంచి ఆ రోజుకు ఒకరు వెళ్లాలన్నది ఏర్పాటు. ఇది నోటిమాటగా ఉంటే నిలవదు. మండల విద్యాధికారి నుంచి సర్దుబాటు ఉత్తర్వు రాతపూర్వకంగా తీసుకుని, ఇద్దరు టీచర్లకూ ప్రతి ఇవ్వండి. దారిలో ప్రమాదం జరిగినా, ఎవరైనా ఫిర్యాదు చేసినా, ఆ టీచరు ఆ సమయంలో అక్కడ ఎందుకున్నారో చెప్పేది ఆ కాగితమే.

ప్రాథమిక పాఠశాలలకు వ్యాయామ ఉపాధ్యాయుడు (పీఈటీ) ఉండడు. మీ ఉన్నత పాఠశాలలో ఉన్న పీఈటీయో ఫిజికల్ డైరెక్టరో కాంప్లెక్స్ అంతటికీ దిక్కు. వారానికి రెండు మధ్యాహ్నాలు ఆయనను ప్రాథమిక పాఠశాలలకు పంపితే, తొమ్మిది బడులు ఒక చుట్టు తిరిగి రావడానికి ఐదు వారాలు పడుతుంది. చాలా తక్కువేనని మీకు అనిపించవచ్చు. నిజమే, ఆయన వెళ్లేది పిల్లలను ఆడించడానికే అయితే అది తక్కువే. వెళ్లిన రోజున అక్కడి టీచరుకు ఒక ఆట నేర్పి, ఆవరణలో కోర్టు గీయించి, వచ్చే ఐదు వారాలకు అభ్యాసం చెప్పి వస్తే సరిపోతుంది. ఉన్నత పాఠశాల టైంటేబుల్‌లో ఆ రెండు మధ్యాహ్నాలను ముందే ఖాళీగా ఉంచాలి, లేకపోతే రాని టీచరు పీరియడ్‌కు మీరే ఆయనను పంపేస్తారు.

సీఆర్‌పీని (క్లస్టర్ రిసోర్స్ పర్సన్‌ను) సమాచారం సేకరించే మనిషిగా వాడుకోవడం అందరికీ అలవాటే. వారి చేతిలో ఎప్పుడూ ఏదో ఒక నమూనా ఉంటుంది. కానీ కాంప్లెక్స్‌లో ఒక బడి నుంచి ఇంకో బడికి క్రమం తప్పకుండా తిరిగే వ్యక్తి వారొక్కరే కనుక, పుస్తకాల పెట్టె, పిల్లలు చేత్తో రాసే లిఖిత పత్రిక, ఆటవస్తువులు చేతులు మారడానికి వారి పర్యటనలనే ఆధారం చేసుకోండి.

నెలవారీ కాంప్లెక్స్ సమావేశం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. ఉపన్యాసాలు తగ్గించి, తొలిమెట్టు (చదవడం, రాయడం, లెక్కల్లో పునాది వేసే కార్యక్రమం) వంటి వాటి సమీక్ష ఒక గంటలో ముగించి, ఒక టీచరు చేత నిజమైన పిల్లలకు నిజమైన పాఠం చెప్పించండి. ఆ పిల్లలు ఉండాలంటే సమావేశం ఏదో ఒక ప్రాథమిక పాఠశాలలో జరగాలి, అందుకే దాన్ని బడి బడికీ మార్చండి.

నాలుగోది: డబ్బును విడివిడిగా ఖర్చుపెట్టి కలిసి వాడుకోండి

సమగ్ర శిక్షా మార్గదర్శకాల ప్రకారం పాఠశాల కాంపోజిట్ గ్రాంటు (నిర్వహణ నిధి) పిల్లల సంఖ్యను బట్టి ఉంటుంది: 30 మంది వరకు ఏడాదికి 10,000 రూపాయలు, 100 వరకు 25,000, 250 వరకు 50,000, 1,000 వరకు 75,000, అంతకు మించితే లక్ష. ఆటల గ్రాంటు ప్రాథమిక పాఠశాలకు 5,000, ప్రాథమికోన్నతకు 10,000, ఉన్నతకు 25,000. ఇవి గరిష్ఠ పరిమితులు, పూర్తిగా ఒకేసారి వస్తాయనుకోకూడదు, జూన్‌లో వస్తాయని అసలే అనుకోకూడదు. అందువల్ల ఆగస్టులో జరిగే పనికి నిరుటి వస్తువులే ఆధారమని లెక్క వేసుకోండి.

ఒక బడి గ్రాంటును ఇంకో బడికి మళ్లించకూడదు. ఆ నిబంధన మంచిదే. కానీ ఏం జరుగుతుందంటే, తొమ్మిది ప్రాథమిక పాఠశాలలూ ఒకే దుకాణానికి వెళ్లి తొమ్మిది క్యారమ్ బోర్డులు, తొమ్మిది ప్లాస్టిక్ బ్యాట్లు, రెండో వారానికే కుట్లు ఊడిపోయే తొమ్మిది బంతులు కొంటాయి. కొనే ముందు ప్రధానోపాధ్యాయులందరినీ కూర్చోబెట్టి పంపకం చేయండి. ఒక బడి మంచి కొలతటేపు, విజిళ్లు, స్టాప్‌వాచ్ కొంటుంది. ఇంకో బడి టెన్నికాయిట్ రింగులు, వల కొంటుంది. మూడోది ఖోఖో స్తంభాలు చేయిస్తుంది. నాలుగోది ప్రథమ చికిత్స పెట్టె, నీళ్ల క్యాన్లు తీసుకుంటుంది. ఏ వస్తువు ఏ బడి డబ్బుతో కొన్నదో ఆ బడి స్టాకు రిజిస్టరులోనే ఎక్కుతుంది, ఆ బడి పాఠశాల యాజమాన్య కమిటీ (ఎస్‌ఎంసీ) తీర్మానమే దానికి ఉంటుంది. ఇతర బడులకు వెళ్లినప్పుడు ఇష్యూ రిజిస్టరులో తేదీ, సంతకం, తిరిగి వచ్చిన తేదీ రాస్తారు. ఆడిట్‌కు ఇబ్బంది లేదు, పిల్లలకు తొమ్మిది రకాల వస్తువులు అందుతాయి.

బిల్లు లేని కొనుగోలు వద్దు. దాతలు ఇచ్చిన డబ్బయినా, వస్తువయినా దాతల రిజిస్టరులో రాసి రసీదు ఇవ్వండి. పిల్లల నుంచి ‘తలా ఇరవై’ వసూలు చేయడం మాత్రం ఏ సందర్భంలోనూ వద్దు. ఇరవై రూపాయలు తేలేని పిల్ల ఆ రోజు కడుపునొప్పి అని ఇంట్లో ఉండిపోతుంది, మీకు కారణం ఎప్పటికీ తెలియదు.

ఐదోది: ఆటలు

గ్రామీణ బడుల్లో కార్యక్రమాలంటే ముందు ఆటలే, కాబట్టి ఇక్కడ కొంత నిదానంగా చెప్పాలి. స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా పోటీలు అండర్–14, 17, 19 విభాగాల్లో మండల స్థాయి నుంచి మొదలై జిల్లా, రాష్ట్ర, జాతీయ స్థాయిలకు వెళతాయి. మన ఉన్నత పాఠశాల పిల్లలకు ఇది తెలిసిన దారే. అక్కడ ఎక్కువగా దెబ్బతినేది ఆటలో కాదు, కాగితాల్లో. అడ్మిషన్ రిజిస్టరులో ఒక పుట్టిన తేదీ, ఆధార్‌లో ఇంకొకటి, ఇంటిపేరు ఒకచోట ముందు, ఇంకోచోట వెనుక, శ్రావణి పేరులో ఇంగ్లిషు అక్షరం ఒకటి ఎక్కువో తక్కువో. జిల్లా జట్టుకు ఎంపికైన రోజున ఇది బయటపడితే ఎవరూ ఏమీ చేయలేరు. అందుకే జూన్, జూలై నెలల్లోనే ఆరు నుంచి పది తరగతుల్లో ఆటల మీద ఆసక్తి ఉన్న పిల్లలందరి వివరాలూ సరిపోల్చి, తేడాలుంటే తల్లిదండ్రులను మీసేవకో ఆధార్ కేంద్రానికో పంపండి. ఆ పిల్లలు చదివి వచ్చిన ప్రాథమిక పాఠశాలల రిజిస్టర్లు మీ కాంప్లెక్స్‌లోనే ఉన్నాయి కనుక తప్పు ఎక్కడ పుట్టిందో పట్టుకోవడం మీకు సులభం.

ప్రాథమిక పాఠశాలల సంగతి వేరు. ఖోఖోలో ఒక జట్టుకు మైదానంలో తొమ్మిది మంది కావాలి, కబడ్డీకి ఏడుగురు. నాలుగు, ఐదు తరగతులు కలిపి ఆరుగురు ఉన్న బడి ఏ జట్టునూ దించలేదు. అందువల్ల బడుల పేర్లతో జట్లు కట్టే అలవాటును ప్రాథమిక స్థాయిలో మానేయండి. ఆ ప్రాంతంలోని చెరువుల పేర్లో గుట్టల పేర్లో పెట్టి ఆరు జట్లు చేసి, ప్రతి జట్టులో కనీసం మూడు బడుల పిల్లలు, ఆడా మగా కలిసి, ఉండేలా పంచండి. మొదటి ఏడాది టీచర్లు ‘మా బడికి కప్పు రాదా సార్’ అని కొంత నసుగుతారు. రెండో ఏడాదికి, ఆరో తరగతిలో ఉన్నత పాఠశాలకు వచ్చిన పిల్లలు ఒకరినొకరు పేరుపెట్టి పిలుచుకోవడం చూస్తారు. మా అనుభవంలో ఐదో తరగతి తర్వాత బడి మానేసే ఆడపిల్లలను ఆపడానికి, కొత్త బడిలో ముందే తెలిసిన ఒక స్నేహితురాలు ఉండడం కౌన్సెలింగ్ కంటే బాగా పనిచేస్తుంది.

కోర్టుల కొలతలకు బెదిరిపోకండి. పెద్ద మగవాళ్ల కబడ్డీ కోర్టు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. చిన్నపిల్లలకు 11 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు చాలు. ఖోఖో పూర్తి మైదానం 27 మీటర్ల పొడవు, 16 మీటర్ల వెడల్పు. మధ్య వరుసలో ఎనిమిది మంది కూర్చునే చోట్లుంటాయి. చోటూ పిల్లలూ తక్కువైతే ఐదు గళ్లతో, స్తంభాల మధ్య దూరం తగ్గించి ఆడించండి, నియమాలు మాత్రం అసలైనవే ఉండనివ్వండి. గీసేటప్పుడు ముందు నాలుగు మూలల్లో మేకులు కొట్టి పురికొస లాగి, మూల నుంచి మూలకు రెండు కర్ణాలూ కొలవండి. రెండూ సమానంగా వస్తేనే మూలలు లంబకోణంలో ఉన్నట్టు. ఈ పని ఐదో తరగతి పిల్లల చేత చేయిస్తే దీర్ఘచతురస్రం పాఠం అక్కడే అయిపోతుంది. సున్నం చల్లేటప్పుడు మాత్రం పిల్లలను దూరంగా ఉంచి, పెద్దవాళ్లే గాలివాలు చూసుకుని చల్లాలి. కంట్లో పడితే ప్రమాదం. ముగ్గుపిండి అయితే ఆ భయం తక్కువ, ఖర్చు కూడా పెద్దగా పెరగదు.

ఆటలరోజు కార్యక్రమం అతిథి కోసం ఆగకూడదు. సర్పంచ్ గారికీ, ఎస్‌ఎంసీ చైర్‌పర్సన్‌కూ, మండల అధికారులకూ బహుమతుల సమయాన్ని చెప్పి పిలవండి, ప్రారంభాన్ని ఒక పిల్లవాడి చేత విజిల్ ఊదించి ముగించండి. ఎండలో గంటన్నర వరుసల్లో నిలబడి దండలు చూసిన పిల్లలు తర్వాత ఆడలేరు.

మధ్యాహ్నం తర్వాత ఒక పని కలపవచ్చు. ఆడని పిల్లలను ఇద్దరిద్దరిగా కూర్చోబెట్టి, తాము చూసిన ఒక ఆట గురించి పది వాక్యాలు రాయమనండి. ఎవరు ఎవరిని పట్టారు, ఎక్కడ జారిపడ్డారు, ఎందుకు గొడవైంది అన్నవి పిల్లలు చెప్పినంత సూటిగా పెద్దవాళ్లు చెప్పలేరు. అవే సెప్టెంబరు లిఖిత పత్రికకు మొదటి పేజీలవుతాయి.

ఆరోది: ఆటలు ఆడని పిల్లలకు ఏముంది?

ప్రతి శనివారం చివరి పీరియడ్ బాలసభకు ఇవ్వండి. అధ్యక్షుడు, కార్యదర్శి పిల్లలే, వారం వారం మారాలి. మినిట్స్ పుస్తకం పిల్లల చేతిరాతలోనే ఉండాలి, అక్షరదోషాలను దిద్ది మళ్లీ రాయించవద్దు. పాట, కథ, పొడుపుకథ, ఊరి వార్తలు, ఆ వారం భోజనం గురించి ఫిర్యాదులు, ఇవన్నీ అందులో రావచ్చు. నెలకొకసారి ఊళ్లోని కోలాటం గురువునో, ఒగ్గుకథ కళాకారుడినో, డప్పు కొట్టే పెద్దమనిషినో పిలిస్తే, వారికి ఒక కుర్చీ, ఒక టీ, ఒక శాలువా చాలు.

పుస్తకాల పెట్టె ఏర్పాటుకు రేకుపెట్టె ఒకటి కావాలి. బీరువాలో తాళం వేసి ఉన్న గ్రంథాలయ పుస్తకాల నుంచి, బొమ్మలున్నవి, పలుచనివి, పెద్ద అక్షరాలున్నవి నలభై యాభై ఎంచి పెట్టెలో పెట్టండి. మూత లోపలి వైపు జాబితా అంటించి, ఒక నోటుపుస్తకం దారంతో కట్టండి. అందులో పుస్తకం పేరు, తీసుకున్న పిల్ల పేరు, తిరిగి ఇచ్చిన తేదీ, ‘బాగుంది / బాగోలేదు / అర్థం కాలేదు’ అని నాలుగు గళ్లు. ఇలాంటి పెట్టెలు మూడు తయారుచేసి, ఒక్కొక్కటి మూడు బడుల మధ్య నెలకొకసారి మారేలా సీఆర్‌పీకి అప్పగించండి. నోటుపుస్తకం చివరి గడిని మీరు తప్పక చదవాలి. వరుసగా ‘అర్థం కాలేదు’ పడిన పుస్తకాన్ని పెట్టెలోంచి తీసేయడం మీ పని. చిరిగిన పుస్తకాన్ని చూసి టీచరును సంజాయిషీ అడిగితే మరుసటి నెల నుంచి పెట్టె తాళం తీయరు.

ప్రాథమికోన్నత, ఉన్నత పాఠశాలలకు, పిల్లల సైన్స్ ఆలోచనలను ప్రోత్సహించే కేంద్ర పథకం ఇన్‌స్పైర్ మానక్ ఉంది. ఒక్కో బడి ఐదు ఆలోచనలను ఆన్‌లైన్‌లో పంపవచ్చు, ఎంపికైన విద్యార్థికి నమూనా తయారీకి 10,000 రూపాయలు వస్తాయి. ఉన్నత పాఠశాల తన ఐదు పంపుకుంటుంది గానీ, ప్రాథమికోన్నత పాఠశాలలో సైన్స్ టీచరు లేకపోయినా కంప్యూటర్ లేకపోయినా ఆ ఐదు అవకాశాలూ వృథా అవుతాయి. మీ ఉన్నత పాఠశాల భౌతికశాస్త్ర ఉపాధ్యాయుని చేత ఒక పూట అక్కడి పిల్లలతో మాట్లాడించి, నమోదు మీ కంప్యూటర్ నుంచి చేయించండి. మూడు బడులు, పదిహేను ఆలోచనలు. ఆలోచన పిల్లలదే కావాలన్నది ఇక్కడ గట్టిగా పాటించవలసిన నియమం. ఇంటర్నెట్‌లో దొరికే హైడ్రాలిక్ జేసీబీ నమూనాను ఎన్ని ప్రదర్శనల్లో చూశామో లెక్కలేదు. పత్తి ఏరేటప్పుడు వేళ్లకు గీసుకుపోయే కాయ రెక్కల గురించి ఏడో తరగతి పిల్ల అడిగే ప్రశ్న అంతకంటే విలువైనది.

ఎనిమిదో తరగతి వారికి ఎన్‌ఎంఎంఎస్ అనే ఉపకార వేతన పరీక్ష గురించి ఆగస్టులోనే చెప్పండి. కుటుంబ వార్షికాదాయం మూడున్నర లక్షలు మించని, ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ పాఠశాలల పిల్లలు అర్హులు. నెగ్గితే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా, ఏటేటా కొనసాగింపు షరతులకు లోబడి, ఏడాదికి 12,000 రూపాయలు వస్తాయి. ఆదాయ ధ్రువపత్రం, బ్యాంకు ఖాతా ముందుగానే సిద్ధం చేయించకపోతే చివరి వారంలో పరుగులు తప్పవు.

ఏడోది: పిల్లలను ఊరు దాటించేటప్పుడు

భోజనం ముందు చూడండి. పీఎం పోషణ్ (మధ్యాహ్న భోజన పథకం) కింద ప్రాథమిక స్థాయి పిల్లవాడికి రోజుకు 100 గ్రాముల బియ్యం, ప్రాథమికోన్నత స్థాయికి 150 గ్రాములు లెక్క. నూటనలభై మంది వేరే బడులవాళ్లు మీ బడిలో తింటే ఆ బియ్యం ఎవరి లెక్కలోంచి పోవాలి? కనీసం రెండు రోజుల ముందు ప్రతి బడి నుంచి వచ్చే పిల్లల సంఖ్య రాతలో తెప్పించుకుని, మండల విద్యాధికారి అనుమతితో ఆయా బడుల బియ్యాన్ని రసీదు మీద తెప్పించండి, హాజరు మాత్రం సొంత బడిలోనే వేయించి రెండుచోట్లా పడకుండా చూడండి. వంట చేసే అమ్మలతో ముందుగా మీరే స్వయంగా మాట్లాడాలి. వారికి వచ్చే గౌరవ వేతనం ఏపాటిదో మీకు తెలుసు. రెట్టింపు వంట చేయించుకుంటే ఆ రోజుకు అదనపు మనిషికి కూలీ, గ్యాసుకో కట్టెలకో డబ్బు సమకూర్చి అడగాలి.

ప్రయాణానికి తల్లిదండ్రుల సంతకంతో అనుమతి పత్రం తీసుకోండి. ఆటోలో ఎంతమందిని ఎక్కించవచ్చో అంతమందినే ఎక్కించండి, రెండు ట్రిప్పులైనా పరవాలేదు. ట్రాక్టరు ట్రాలీలో పిల్లలను పంపే ప్రతిపాదన ఎంత పలుకుబడి ఉన్నవారి నుంచి వచ్చినా ఒప్పుకోవద్దు. ఆడపిల్లలు ఉన్న ప్రతి బృందంతోనూ ఒక టీచరమ్మ ఉండాలి. మహిళా టీచరు లేని బడి అయితే ఎస్‌ఎంసీలోని ఒక తల్లిని పంపండి, ఆమెకు దారిఖర్చులు ఇవ్వండి. బట్టలు మార్చుకోవడానికి గడియ ఉన్న గది, నీళ్లున్న మరుగుదొడ్డి, అదనంగా శానిటరీ ప్యాడ్లు సిద్ధంగా ఉంచండి. చీకటి పడకముందే చివరి పిల్ల ఇల్లు చేరినట్టు ఆ బడి టీచరు ఫోన్ చేసేదాకా ఆటలరోజు అయిపోయినట్టు కాదు.

పిల్లల మీద లైంగిక వేధింపు జరిగినట్టు తెలిసినా, అనుమానం కలిగినా, 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలపడం తప్పనిసరి. ఊరి పెద్దమనుషుల మధ్య సర్దుబాటు చేసే అధికారం మీకు లేదు. 1098 బాలల సహాయ నంబరును ప్రతి బడి గోడ మీద పిల్లల కంటి ఎత్తులో రాయించండి.

ఎనిమిదోది: తల్లిదండ్రులు, ఊరు

పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులు, మొత్తంలో సగం మంది మహిళలు ఉండాలన్నది చట్టం. 2024 నుంచి మహిళా సంఘాల ఆధ్వర్యంలో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు కూడా వచ్చాయి. వీరిని సంతకాలకే పిలిస్తే సంతకం పెట్టి వెళతారు. సమావేశాన్ని కూలీ వేళలు చూసుకుని సాయంత్రం పూట పెట్టి, ఖర్చు లెక్కలను బోర్డు మీద రాసి చదివి వినిపిస్తే ప్రశ్నలు అడుగుతారు. ప్రశ్నలు అడిగే కమిటీయే గోడ కూలినప్పుడు కదిలేది.

జూన్‌లో పిల్లలను బడిలో చేర్పించే బడిబాట సమయంలో ఇల్లిల్లూ తిరిగేటప్పుడు, ప్రైవేటు బడి వ్యాను ఎక్కే పిల్లల ఇళ్లకు కూడా వెళ్లండి. ఆ తల్లికి మీ టీచర్ల డిగ్రీలు చెప్పడం కంటే, నిరుటి లిఖిత పత్రికను చేతికిచ్చి, పక్కింటి అమ్మాయి రాసిన పేజీ చూపించడం నయం.

చివరి పని: అప్పగింత ఫైలు

బదిలీలు ఎప్పుడు వస్తాయో ఎవరూ చెప్పలేరు కనుక, అప్పగింత ఫైలును చేరిన ఏడాదే మొదలుపెట్టండి. అందులో బడికొక పేజీ వివరాలు, వ్యవసాయంతో కలిపి వేసిన క్యాలెండర్, జోడు బడుల ఉత్తర్వులు, ఏ వస్తువు ఏ బడిదో తెలిపే ఇష్యూ రిజిస్టరు నకలు, దాతల జాబితా, పుస్తకాల పెట్టెలు ప్రస్తుతం ఉన్న చోటు, కళాకారుల, ఆటో డ్రైవర్ల ఫోన్ నంబర్లు ఉండాలి. ఏ కార్యక్రమానికి ఎంత ఖర్చయిందో, ఎంతమంది పిల్లలు వచ్చారో, ఏ బడి నుంచి ఒక్కరూ రాలేదో ఒక్కో పేజీలో రాయండి. ‘ఒక్కరూ రాలేదు’ అన్న వరుసలో ఏ బడి పేరు రెండుసార్లు కనిపిస్తే, కొత్తగా వచ్చే ప్రధానోపాధ్యాయుడు మొదటి సందర్శన ఆ బడి నుంచే మొదలుపెట్టాలని ఫైలు మొదటి పేజీలోనే రాసి, ఒక ప్రతిని మండల విద్యాధికారి కార్యాలయంలో ఇచ్చి రసీదు తీసుకోండి.